ఉల్లి మెడ ఎండే దాకా

బ్యాంకు పై అంతస్తు, ఫైళ్ల గది
సోమవారం

అక్కా,

కవరు మీద నా దస్తూరీ చూడగానే "వీడికేదో పని పడింది, లేకపోతే అక్క గుర్తొస్తుందా" అని బావతో అనే ఉంటావు. పనే పడింది. ముందే ఒప్పేసుకుంటున్నాను, తిట్లు కాస్త తగ్గించు.

నీ ఫోను బావిలో పడ్డాక కొత్తది కొనలేదని బావ చెప్పాడు. కొనకు. ఫోనులో నువ్వు మాట్లాడేది రెండే ముక్కలు: "బాగున్నాం, పెట్టేస్తున్నా." ఉత్తరమైతే నన్ను తిట్టడానికైనా పేజీ నింపుతావు. బ్యాంకు కాగితాలు వారం వారం మోసే సంచి అన్న మీ దగ్గరికి వస్తూనే ఉంటాడు కదా, ఆ సంచిలోనే మన ఉత్తరాలూ నడుస్తాయి. స్టాంపు ఖర్చు లేదు.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవడానికేమీ లేదు. గదికి కిటికీ ఒకటుంది, దానికి అడ్డంగా బీరువా పెట్టారు. ఫ్యాను వేస్తే కాగితాలెగురుతాయి, ఆపితే మేము ఉడుకుతాం. మా మేనేజరు మాట మాటకీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు గనక మేమంతా అద్దాల సారు అంటాం. ఆయన మొన్న నాకొక పని అప్పగించాడు. మా బ్యాంకు ఇచ్చే పంట రుణాల వల్ల చిన్న రైతుల సాగు మెరుగుపడిందా లేదా తేల్చి, పైవాళ్లకు నివేదిక రాయాలి. మొత్తం రెండు వందల ఫారాలు. అందులో నలభై మీ చుట్టుపక్కలవాళ్లవి. పేర్లుండవు, నంబర్లే. సంచిలో ఆ నలభై పంపుతున్నాను. నువ్వు దగ్గరుండి నింపించి పంపు.

కాగితాల పనేలే అనుకోకు. ఏళ్ల తరబడి నువ్వు నా ప్రాణం తోడేస్తున్న గడువు సంగతి ఇందులోనే తేలుతుంది. ఉల్లి పీకిన రెండు నెలలకు బాకీ కట్టమంటే రైతులంతా ఒక్కసారే సరుకు తెచ్చి పడేస్తారు, ధర పాతాళానికి పోతుంది. ఐదు నెలలిస్తే ఆరబెట్టి, దాచుకుని, ధర వచ్చాక అమ్ముకుంటారు. ఈ మాట నాకు నేర్పింది నువ్వే. దాన్నే నివేదికలో సిఫారసుగా రాద్దామనుకుంటున్నాను. రాయాలంటే కింద అంకెలుండాలి. అందుకని ఉన్నది ఉన్నట్టు రాయించు. అంతకంటే ఏమీ అడగను.

బావ నడుము ఎలా ఉంది? ట్రాక్టరు సీటు కింద దిండు పెట్టుకోమన్నానని చెప్పు.

నీ తమ్ముడు


ఇల్లు, ముందు వరండా
నారు పీకే వారం

తమ్ముడూ,

సీటు కింద దిండు పెట్టుకుంటే ట్రాక్టరు యజమాని "నిద్రపోవడానికి వస్తున్నావా" అన్నాడట. బావ దిండు ఇంటికి తెచ్చేశాడు. నడుము ఎప్పటిలాగే ఉంది, మనిషీ ఎప్పటిలాగే ఉన్నాడు.

నీ ఫారాలు నింపించేసరికి నా తాతలు దిగొచ్చారు. మన పొలం గట్టు మీద కూర్చుని లోకం సంగతులన్నీ తేల్చే గట్టు పిన్ని గుర్తుందిగా. ఫారం తిప్పి తిప్పి చూసి, "ఇది నింపితే డబ్బులిస్తారా, తీసుకుంటారా?" అంది. రెండూ కాదన్నాను. "మరెందుకే" అంది. నీ పరువు నిలబెట్టడానికని చెప్పాను. దాంతో అందరూ నింపారు. నలభైలో పదకొండు మంది మాత్రం దిగుబడి గడి ఖాళీగా వదిలేశారు. గుర్తులేదన్నారు. నేను బలవంతపెట్టలేదు.

మిగతావన్నీ బాగానే రాశాం. నీకు చిన్నతనం రానివ్వలేదు.

ఇక్కడ నాట్లు మొదలయ్యాయి. పొద్దున వంగిన నడుము సాయంత్రానికి లేస్తోంది. ఈ ఏడు రుణం ఇంకా చేతికి రాలేదు. నారు ముదిరిపోతుందని ఎరువును, మన ఉల్లి కొనే కమీషన్ షావుకారు కొట్టులో అప్పుగా తెచ్చాం. ఆయన ఇచ్చేటప్పుడు నవ్వుతూనే ఇస్తాడు. ఆ నవ్వు చూస్తేనే నాకు భయం. బావి పక్క అరెకరం మీద ఆయన కన్ను పడి మూడేళ్లయింది. ఈసారి కూడా మనం గడువుకు భయపడి సరుకు తెగనమ్ముకుని, తక్కువ పడిందానికి మళ్లీ ఆయన దగ్గరే అప్పు చేస్తే, ఆ అరెకరం ఐదేళ్లకు ఆయనకు కౌలుకు రాసివ్వాలి. పోయినేడాది అప్పు తిరగరాసినప్పుడు బావ ఒప్పుకున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు, చెప్తున్నాను. నీరున్న భూమి అదొక్కటే. అది పోతే మిగిలిన ఎకరం వానదేవుడి దయ.

అందుకే నీ నివేదిక కోసం ఎదురుచూస్తున్నాను. ఐదు నెలల గడువొస్తే చాలు, ఇంకెవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. ఎద్దులు పోయాక కొట్టం ఖాళీగానే ఉంది. నాలుగు వైపులా గాలి. ఉల్లి దాచుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

వేళకు తిను. నీ దస్తూరీ సన్నబడింది.

అక్క


ఫైళ్ల గది
శుక్రవారం, కాంటీను టీ వచ్చే లోపల

అక్కా,

రెండు వారాలుగా లెక్కలు కూడుతూనే ఉన్నాను. కళ్లు మూసుకున్నా గళ్లే కనిపిస్తున్నాయి. మొత్తానికి నివేదిక పూర్తయింది. ఐదు ప్రాంతాలకు ఐదు గీతలు గీశాను. మీ ప్రాంతం గీత మిగతా నాలుగింటి నెత్తిన కూర్చుంది. ఎకరానికి నూట యాభై ఎనిమిది బస్తాల సగటు! "రుణం సమయానికి అందిందా?" అన్నదానికి నలభై మందీ అవునన్నారు. బాకీ వసూలు నూటికి నూరు. అద్దాల సారు ఆ కాగితం చూస్తూ అద్దాలు తుడుచుకోవడం మర్చిపోయాడు. దాన్ని పెద్దది చేయించి గోడకు అంటించాడు.

ఇంతవరకూ శుభవార్త. ఇక రెండోది.

గడువు ఐదు నెలలకు పెంచాలని చివరి పేజీలో రాశాను. కమిటీలో ముగ్గురు కూర్చున్నారు. ఒకాయన నా మొహం చూసి, "ఇంత పండించేవాళ్లకు, ఇంత చక్కగా కట్టేవాళ్లకు గడువెందుకయ్యా? పంట చేతికొచ్చిన రోజే డబ్బు చేతిలో ఉంటుంది" అన్నాడు. రెండో ఆయన, "ఆ డబ్బు రెండు నెలలు వాళ్ల దగ్గర ఊరికే ఉండే బదులు మనం ఇంకో పదిమందికి ఇవ్వొచ్చు" అన్నాడు. అరగంటలో తేల్చేశారు. ఈ పంట నుంచే, ఉల్లి పీకిన ఇరవై రోజుల్లో బాకీ కట్టాలి. సర్క్యులరు వచ్చే వారం మీకు అందుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. వాదించడానికి నా దగ్గర ఒక్క అంకె కూడా లేదక్కా. ఉన్న అంకెలన్నీ వాళ్ల పక్షమే.

ఇక్కడిదాకా రాసి టీ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చాక ఒక సంగతి తట్టింది. కోపం తెచ్చుకోకు.

ఎకరానికి నూట అరవై బస్తాలు పండితే, నువ్వు ఎద్దుల్ని ఎందుకు అమ్మావు?

నీ తమ్ముడు


ఇల్లు, వంటగది గుమ్మం
ఉల్లి గడ్డ ఊరుతున్న రోజులు

తమ్ముడూ,

సంచి అన్న రెండుసార్లు వచ్చి ఉత్తరం ఉందా అని అడిగాడు, లేదని పంపేశాను. సర్క్యులరు వచ్చింది. ఊరి సహకార సంఘం గోడ మీద అంటించారు. చదువు రానివాళ్లు కూడా దాని ముందు నిలబడి వెళ్తున్నారు.

నీ ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. మధ్యలో ఆపకుండా చదువు.

ఫారాలు మన వరండాలోనే నింపాం. దిగుబడి గడి దగ్గరికొచ్చేసరికి అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రుణం ఎంతివ్వాలన్నది బ్యాంకు దిగుబడి చూసే తేలుస్తుందని మాకు తెలుసు. తక్కువ రాస్తే వచ్చే ఏడు తక్కువిస్తారు. ఇది ఈనాటి భయం కాదు. మామగారి కాలం నుంచీ బ్యాంకువాళ్లు ఎప్పుడడిగినా అందరం నాలుగాకులు ఎక్కువే చెప్తాం. ఎవరో నూట యాభై అన్నారు. గట్టు పిన్ని నూట డెబ్బై అంది. ఆవిడ చేలో వంద దాటడం నేనెప్పుడూ చూడలేదు.

నేను మాత్రం నూట పది రాశానురా. నీ మాట మీద నిలబడి, ఉన్నది ఉన్నట్టే రాశాను. కలం మూశాను కూడా. అప్పుడు పిన్ని తొంగిచూసి, "బ్యాంకాయన అక్కవి, నీదే అందరికంటే తక్కువా!" అని నవ్వింది. అందరూ నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. తమ్ముడు గీతలు గీసేచోట అక్కది అడుగు గీత ఎందుకవ్వాలి అనిపించింది. కొట్టేసి నూట అరవై రాశాను. పదిహేడో నంబరు ఫారం తీసి చూడు, కొట్టివేత కనిపిస్తుంది. ఏడ్చేవాడికంటే నిలబడ్డవాడి మాటే బ్యాంకు వింటుంది, బాగా పండించేవాళ్లే గడువడిగితే ఇస్తారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను కూడా.

వసూలు నూటికి నూరు అన్నావు. అదెలాగో కూడా విను. రుణం నాట్లయిన ఇరవై రోజులకు గానీ రాదు. గడువు రోజున మా చేతిలో ఉన్నది చాలదు. షావుకారు దగ్గర పది రోజులకని తెచ్చి బ్యాంకుకు కడతాం. కొత్త రుణం రాగానే షావుకారుకు తిరిగిస్తాం. ఆ పది రోజుల వడ్డీకి ఒక ఏడు ఒక ఎద్దు పోయింది, మరుసటేడు రెండోది పోయింది. నీ గోడ మీద గీతలో అది కనిపించదు.

ఇప్పుడు పిన్ని దగ్గర్నించి అందరూ "నీ తమ్ముడు మన కొంప ముంచాడు" అంటున్నారు. ముంచింది నేనేనని చెప్పడానికి నోరు రావడంలేదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని చిన్నప్పుడు నీకు చెప్పేదాన్ని. ఎలాగైనా ఆ అంకెలు మార్చు తమ్ముడూ. మావి తప్పని చెప్పు.

అక్క


గది, మంచం మీద
ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది. "ఉన్నది ఉన్నట్టు" అని రాసి పంపానే, అంతకంటే తేలిక మాట ఇంకేముంటుంది అనుకున్నాను. చిరాకులో అన్నం మానేశాను. రెండోసారికి కోపం నా మీదకే తిరిగింది.

పదకొండు ఫారాలు ఖాళీగా వచ్చాయన్నావు కదా. ఖాళీ గడులుంటే లెక్క కుదరదు. తిప్పి పంపితే నెల పడుతుంది. సారు రోజూ "అయిందా, అయిందా" అంటున్నాడు. ఏం చేశానో తెలుసా? నీది పదిహేడో నంబరని నాకు అప్పుడే తెలుసు. నీ దస్తూరీ నాకు తెలియదా? మా అక్క అబద్ధం రాయదు, ఈమెకు ఎంత పండితే పక్కవాళ్లకూ ఇంచుమించు అంతే పండుతుంది అనుకుని, ఆ పదకొండింటిలోనూ నీ నూట అరవై వేశాను. కొట్టివేత కూడా చూశాను. పొరపాటున తప్పు రాసి సరిదిద్దుకున్నావనుకున్నాను. నీ ఒక్క అబద్ధాన్ని పన్నెండు చేసింది నేనే.

ఇంకోటి కూడా దాచాను. ఏడేళ్లుగా నేను ఇక్కడ తాత్కాలికమే. ఈ నివేదిక బాగా వస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఖాయం చేసే కాగితం సారు బల్ల మీద సంతకం కోసం ఉంది. అందుకే తొందరపడ్డాను.

ఇప్పుడు అంకెలు తప్పని చెప్తే మీ నలభై మందినీ తప్పుడు వివరాలిచ్చినవాళ్ల జాబితాలో వేస్తారు, వచ్చే పంటకు ఒక్కరికీ రుణం రాదు. చెప్పకపోతే ఇరవై రోజుల గడువు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏం చేయాలో నువ్వే చెప్పు. నాకు ఆలోచించే ఓపిక కూడా లేదు.

నా జీతంలోంచి కొంత పంపనా? వద్దంటావని తెలుసు. అయినా అడుగుతున్నాను.

నీ తమ్ముడు


పొలం గట్టు
ఉల్లి పీకిన ఆరో రోజు

తమ్ముడూ,

వద్దు. నీ జీతం షావుకారు గల్లాపెట్టెలోకి పోవడానికి కాదు నువ్వు ఆ ఉడుకులో కూర్చునేది.

పంట పీకేశాం. ఎకరన్నరలో నూట అరవై ఐదు బస్తాలు. అంటే ఎకరానికి మళ్లీ అదే నూట పది. నేను మొదట రాసిందే నిజమని భూమి కూడా అంటోంది.

గట్టు మీద కూర్చునే రాస్తున్నాను. ఎదురుగా షావుకారు లారీ ఆగి ఉంది. ఇరవై రోజుల్లో కట్టాలి గనక అందరూ పీకినవి పీకినట్టే ఎత్తేస్తున్నారు. నీకు పొలం పని తెలియదు, చెప్తాను విను. ఉల్లికి ఆకు కోశాక పైన మెడ ఉంటుంది. నీడలో పదిహేను రోజులుంచితే ఆ మెడ ఎండి మూసుకుంటుంది. మూసుకుంటే ఐదు నెలలు నిలుస్తుంది. పచ్చిగా ఉండగా బస్తాకెత్తితే తేమ లోపలికి దిగి కుళ్లుతుంది. పచ్చి సరుకని షావుకారు ధర తగ్గించాడు. బస్తా మూడు వందలు. ఆయన మాత్రం తన గోదాములో ఆరబెట్టుకుంటాడు. ఆయనకు గడువు లేదు.

నిన్న బావా నేనూ కూర్చుని లెక్కేశాం. కూలీలకు, ఎరువు బాకీకి యాభై బస్తాలు పోతాయి. మిగిలిన నూట పదిహేను ఇప్పుడే అమ్మితే ముప్పై నాలుగు వేల చిల్లర. బ్యాంకుకు నలభై రెండు వేలు కట్టాలి. తక్కువ పడిందానికి షావుకారు దగ్గరికి వెళ్లాలి. వెళ్తే బావి పక్క అరెకరం.

"ఎన్నేళ్లు కడతామే ఇలా" అన్నాడు బావ. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

అందుకని నేను కట్టడంలేదు తమ్ముడూ. పదిహేనేళ్లలో ఒక్క రోజు ఆలస్యం చేయనిదాన్ని, ఈసారి గడువు దాటిస్తాను. మెడ ఎండేదాకా ఆరబెట్టి కొట్టంలో పోస్తాను. ధర వచ్చాక అమ్మి, ఎంత జరిమానా పడితే అంతా కలిపి కడతాను. మిగతా ముప్పై తొమ్మిది మంది అంకెల్నీ నువ్వు కదపొద్దు. నూటికి నూరు కట్టారని గోడ మీద గీత గీశావు కదా. దాన్ని నేను కొంచెం చెరుపుతాను. ఎందుకు చెడిందని ఎవరైనా అడిగితే అప్పుడు చెప్పు.

నోటీసు వస్తుందని తెలుసు. వచ్చినా భయపడను అని రాద్దామనుకున్నాను. భయంగానే ఉంది.

అక్క


బ్యాంకు ప్రధాన కార్యాలయం, వసూళ్ల విభాగం

గౌరవనీయులైన ఖాతాదారు గారికి,

తమరు తీసుకున్న పంట రుణం గడువు తేదీ నాటికి చెల్లించనందున ఎగవేతగా నమోదు చేయడమైనది. నేటి నుండి అపరాధ వడ్డీ వర్తించును. తమరి పేరు సంఘం నోటీసు బోర్డులో ప్రకటించబడును. రాబోయే రెండు పంటలకు తమరికి కొత్త రుణం మంజూరు చేయబడదు. దయచేసి గమనించగలరు.

కింద, పెన్సిలుతో:

అక్కా, ఈ నోటీసులు టైపు చేసే పని నాదే. "గౌరవనీయులైన" అన్న మాట రెండుసార్లు తప్పు కొట్టి, కాగితం మార్చాను. ఆఫీసు ఫైలులో దీనికి "కారణం" అని ఒక గడి ఉంటుంది. మామూలుగా "నిర్లక్ష్యం" అని రాసేస్తాం. ఈసారి నేను "ఉల్లి మెడ ఎండలేదు" అని రాశాను. సారు ఇంకా చూడలేదు.


కొట్టం
ఉల్లి పోసిన మూడో నెల

తమ్ముడూ,

నోటీసు అందింది. గౌరవనీయులైన ఖాతాదారు గారు ప్రస్తుతం కుళ్లినవి ఏరుతున్నారు.

వెటకారానికి అన్నాను గానీ, నవ్వే ఓపిక లేదు. వారానికి రెండుసార్లు కుప్పంతా తిరగేయాలి. ఒక్క కుళ్లిన గడ్డ పక్కనున్న పదింటిని చెడగొడుతుంది. మధ్యలో నాలుగు రోజులు ముసురు పట్టింది. తడిగాలికి ఒక మూల మొత్తం పోయింది. ఇప్పటికి ముప్పై ఒక్క బస్తాలు పారబోశాం. చేతుల వాసన సబ్బుకు పోదు. బావ చాప కొట్టంలోకి మార్చాడు. ఎద్దులకే ఇంత సేవ చేయలేదంటాడు.

బోర్డు మీద నా పేరు ఒక్కటే ఉంది. పెద్ద బోర్డు, మధ్యలో ఒక్క పేరు. సంఘం వైపు వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. షావుకారు మనిషిని రెండుసార్లు పంపాడు. ఇప్పుడిస్తే నాలుగు వందలు వేస్తానన్నాడు. రెండోసారి వచ్చినప్పుడు బావ సరేననబోయాడు. నేను కాదన్నాను. తప్పు చేశానేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంకో ముసురొస్తే కొట్టమూ పోతుంది, అరెకరమూ పోతుంది.

గట్టు పిన్ని మాత్రం నిన్న వచ్చి నా పక్కన కూర్చుని, ఒక గంపెడు ఏరింది. వెళ్తూ వెళ్తూ, "నేను నూట డెబ్బై అనకుండా ఉండాల్సిందే" అంది. ఆగమని మంచినీళ్లిచ్చాను.

నీ ఉద్యోగం సంగతి రాయడంలేదు. అడగనా, వద్దా?

అక్క


ఫైళ్ల గది
బుధవారం

అక్కా,

అడిగావు గనక రాస్తున్నాను.

పోయిన నెల వసూళ్ల ఫైలు కమిటీకి వెళ్లింది. కారణం గడి దగ్గర ఒకాయన ఆగి, "ఉల్లికి మెడేమిటి?" అన్నాడట. అద్దాల సారు నన్ను పిలిచాడు. నేను ఖాళీగా వచ్చిన ఆ పదకొండు ఫారాలూ, నీ పదిహేడో నంబరూ పట్టుకెళ్లి ఆయన బల్ల మీద పరిచాను. పదిహేడో నంబరు చూసి ఈ పదకొండింటిలో అంకెలు నేనే వేశాను అన్నాను.

ఆయన అద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. "నేనూ పదేళ్లు చేలల్లో తిరిగాను. ఆఫీసులో కూర్చుని గడులు నింపని ఫారం నేనింతవరకూ చూడలేదు. నువ్వు నింపావని నాకు తెలుసు. నువ్వు వచ్చి చెప్తావని మాత్రం తెలియదు" అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

తేలింది ఇది. నివేదిక వెనక్కి తీసుకున్నారు. గోడ మీద గీతలు చింపేశారు, బంక మరకలు మాత్రం ఉన్నాయి. గడువు మళ్లీ పాత రెండు నెలలకు వచ్చింది. ఐదు నెలల మాట ఇప్పుడే తేల్చరట. వచ్చే పంటకు ఎవరినీ అడగకుండా, ఆ నలభై చేలల్లోనూ కాటా పెట్టి తూచి, అప్పుడు చూస్తారట. మీ నలభై మందిని జాబితాలో వేయలేదు. అందులో సారు చెయ్యి ఉందనుకుంటున్నాను.

నీ రెండు పంటల నిషేధం మాత్రం తీయలేదు. ఎగవేత ఎగవేతే అన్నారు. ఎంతో వాదించాను.

నా ఖాయం కాగితం సంతకం కాకుండానే తిరిగొచ్చింది. బల్ల పని తీసేసి తూకం పని ఇచ్చారు. జీతం కొంచెం తగ్గింది, గాలి కొంచెం పెరిగింది. పంట వచ్చేసరికి కాటా భుజాన వేసుకుని మీ గట్టు మీదికి వచ్చేది నేనే.

ఇన్ని చేసి మనం సంపాదించింది, పోయినేడాది మనకున్న గడువే. ఆలోచిస్తే నీరసం వస్తోంది. సరుకు ఏమైంది?

నీ తమ్ముడు


ఇల్లు, ముందు వరండా
ఉల్లి పీకడానికి ఇంకా వారముంది

తమ్ముడూ,

సరుకు నీ ఉత్తరం వచ్చిన వారానికే అమ్మేశాం, నీకు రాసే తీరిక ఇప్పటికి దొరికింది. ఎనభై నాలుగు బస్తాలు, బస్తా ఏడు వందల ఇరవైకి. మరునాడే వెళ్లి బ్యాంకుకు జరిమానాతో సహా నలభై ఏడు వేలు కట్టాను. కౌంటరు వెనకాయన రసీదు ఇస్తూ, "గడువులో కట్టి ఉంటే ఐదు వేలు మిగిలేవి కదమ్మా" అన్నాడు. గడువులో కట్టి ఉంటే ఏం మిగిలేదో ఆయనకు చెప్పే ఓపిక లేక వచ్చేశాను. చేతిలో పదమూడు వేలు మిగిలింది. బావి పక్క అరెకరం మన దగ్గరే ఉంది. ఒళ్లు మాత్రం నా దగ్గర లేదు, దాన్ని కొట్టంలోనే వదిలేశాను.

బోర్డు మీద పేరు చెరిపేశారు. ముక్కుతూ మూలుగుతూ చెరిపారు గానీ వెలుతురు పడితే అక్షరాలు ఇంకా కనిపిస్తాయి.

రుణం లేదు కాబట్టి ఈసారి ఎకరం బీడు పెట్టాం. ఆ పదమూడు వేలతో బావి పక్కనే ఉల్లి వేశాం. అరెకరమే. దాంతో ఏడాది ఎలా గడుస్తుందని మాత్రం అడగకు. బావ సాయంత్రాలు కూడా ట్రాక్టరు తోలుతున్నాడు.

నువ్వు కాటా తెస్తున్నావని అందరికీ తెలిసిపోయింది. గట్టు పిన్నికి కంగారు పట్టుకుంది. "తూస్తే తక్కువొస్తుందేమో, బస్తాల అడుగున నాలుగు రాళ్లు వేద్దామా?" అని నా చెవిలో అడిగింది. నవ్వుతుందేమోనని మొహం చూశాను. నవ్వలేదు. నిజంగానే అడుగుతోంది. ఆవిణ్ని తప్పుపట్టలేదు. ఇన్నేళ్ల అలవాటు ఒక్క పంటలో పోతుందా!

వచ్చినప్పుడు చేలోకే తిన్నగా రా. ఇంటికి తర్వాత. అందరి ముందూ నేను నిన్ను తమ్ముడూ అనను, నువ్వూ నన్ను అక్కా అనకు. తూకం అయ్యేదాకా మంచినీళ్లు కూడా పిన్ని ఇంట్లోనే తాగు. అయ్యాక బావా నువ్వూ ఎంతసేపు కూర్చుని నన్ను ఆడిపోసుకున్నా ఊరుకుంటాను.

నలభై చేలున్నాయి. నంబర్ల వరసలో పోతానంటావేమో, పోవద్దు. మొదట పదిహేడుతో మొదలుపెట్టు. నా బస్తాలు నా చేత్తోనే కాటా మీద పెడతాను, అందరూ చూస్తుంటారు. సగటు తీస్తే ఎకరానికి నూట పది వస్తుందో, తొంభై వస్తుందో నాకు తెలియదు. ఈ ఏడు ఎరువు సరిగ్గా వేయలేకపోయాం, తగ్గే ఉంటుంది. అందరికంటే అడుగున నా గీతే ఉండొచ్చు. ఉండనీ.

ఎంత ఉంటే అంత రాయి.

అక్క